పాతది అయ్యాక

రెండు రోజులు పడ్డ వాన తెల్లారేసరికి ఆగింది. కొలతాయన పెట్రోలు బంకు వెనక గదిలోంచి కడ్డీ తీసుకుని బయటికి వచ్చాడు. ఇత్తడి కడ్డీ. మూడు ముక్కలు మర బిగిస్తే మనిషికి రెండింతల పొడుగవుతుంది. ఒంటినిండా గీతలు, అంకెలు. ఇరవై రెండేళ్లు పట్టుకోగా పట్టుకోగా చెయ్యి పడే చోట అంకెలు అరిగిపోయాయి. అక్కడ ఏ అంకె ఉండాలో ఆయనకు తెలుసు.

నేల కింద ట్యాంకు మూత మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి ఉన్నాయి. మూత కింద రబ్బరు వాషరు చిట్లింది. మార్చాలని మూడుసార్లు చెప్పాడు. మూడోసారి మేనేజరు పట్టా ఇచ్చాడు.

ఇటుకలు తీసి పట్టా ఎత్తాడు. మూత చుట్టూ ఉన్న గుంటలో బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. మగ్గుతో తోడి పోశాడు. మిగిలినవి గుడ్డతో అద్ది, పిండి, మళ్లీ అద్దాడు. గుంట ఆరినాక మూత విప్పాడు.

"బాబాయ్, కాస్త తొందరగా. మా సారు రైలందుకోవాలి."

మొదటి పంపు దగ్గర అద్దె కారు డ్రైవరు నిలబడి ఉన్నాడు. పాత తెల్ల కారు. రోజూ ఇక్కడే పోయించుకుంటాడు. వెనక సీట్లో ఒకాయన పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ రైలు కోసం నా కడ్డీ పొట్టిదవుతుందా? ఆగు."

కొలతాయన ట్యూబు తోక మడిచి నొక్కి, శనగ గింజంత పేస్టు తీశాడు. కడ్డీ కొస నుంచి జానెడు మేర వేలితో రాశాడు. పసుపుపచ్చ పేస్టు. పెట్రోలు తగిలితే ఏమీ కాదు. నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. కడ్డీని మెల్లగా దించాడు. అడుగు తగిలిన చప్పుడు ఆయనకు చెవికంటే ముందు అరచేతికి వినిపిస్తుంది. ముప్పై లెక్కపెట్టి పైకి తీశాడు.

పసుపు పసుపుగానే ఉంది.

గుంటలో చూసిన నీళ్లు గుర్తొచ్చాయి. కొస తుడిచి, మళ్లీ పేస్టు రాసి, మళ్లీ ముంచాడు. ఈసారి అరవై లెక్కపెట్టాడు. డ్రైవరు దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"ఏంటి బాబాయ్, పసిపిల్లకు జ్వరం చూసినట్టు రెండుసార్లు చూస్తున్నావు?"

"వాన పడింది కదా."

"ఉందా మరి జ్వరం?"

కొలతాయన కడ్డీ కొసను వెలుగులోకి తిప్పాడు. పసుపే.

"లేదు. పోయించుకో."

గదిలోకి పోయి రిజిస్టరు తీశాడు. తేదీ వేశాడు. మట్టం వేశాడు. 'నీరు' అన్న గడిలో 'లేదు' అని రాశాడు. సంతకం చేశాడు. ముంచకుండా ఆ గడి ఎన్నడూ నింపలేదు. జ్వరమొచ్చిన రోజున కూడా వచ్చి ముంచి, మళ్లీ పోయి పడుకున్నాడు.

పదకొండు గంటలకు మొదటి ఫోను వచ్చింది. మీ దగ్గర పోయించుకున్న కారు దగ్గి దగ్గి ఆగిపోయింది అని. మేనేజరు కుర్రవాడు. వచ్చి ఏడాది కాలేదు. మీ కారులోనే ఏదో ఉండి ఉంటుంది అన్నాడు. అరగంటలో మరో మూడు ఫోన్లు. పన్నెండు దాటేసరికి తొమ్మిది బళ్లు. ఒకాయన ఆటోలో వచ్చి, సీసాలో తెచ్చిన పెట్రోలు మేనేజరు బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు తాగు ముందు" అన్నాడు. మేనేజరు పంపులకు అడ్డంగా తాడు కట్టించాడు.

ఒంటిగంటకు పంపులు పట్టే మనిషి రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. అద్దె కారు వంతెన ఎక్కుతూ ఆగిపోయిందట. సారును రైలెక్కించి తిరిగొస్తున్నాడట. దిగి కారును పక్కకు తోసుకుంటుంటే వెనక నుంచి లారీ వచ్చిందట.

"ఉన్నాడా?" అన్నాడు కొలతాయన.

"ఉన్నాడు. కాలు కారుకూ లారీకీ మధ్య పడింది."

మధ్యాహ్నం కంపెనీవాళ్లు వచ్చారు. ట్యాంకు అడుగు నుంచి గాజు జాడీలోకి తోడారు. జాడీలో పైన తేటగా పెట్రోలు. అడుగున నాలుగు వేళ్ల మందాన మబ్బు పట్టినట్టు ఇంకేదో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత రిజిస్టరు అడిగారు. 'లేదు' అన్న మాట మీద ఒకాయన వేలు పెట్టాడు. ఎవరిది ఈ సంతకం అన్నాడు.

సాయంత్రం ఓనరు అద్దాల గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. టీ తెప్పించాడు. కాగితం ఒకటి ముందుకు తోశాడు. టైపు చేసి ఉంది. కొలతాయన వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. ఈ రోజు ఉదయం నేను కడ్డీ ముంచకుండానే రిజిస్టరు నింపినాను అని ఉంది.

"ముంచానండి."

"ముంచితే తెలిసేది. తెలియలేదంటే ముంచలేదు."

"రెండుసార్లు ముంచాను."

"మరి రంగెందుకు మారలేదు?"

టీ మీద మీగడ కట్టింది.

"చూడు పెద్దాయనా" అన్నాడు ఓనరు, కోపం లేకుండా. "బంకుదే తప్పంటే బంకు మూస్తారు. పన్నెండు మంది ఇళ్లకు పోతారు. ఒక మనిషి తప్పంటే ఒక్కడే పోతాడు. నీ వయసుకు ఎలాగూ ఇంకో రెండేళ్లే. ఎల్లుండి పొద్దున్నకు సంతకం చేసి ఇవ్వు."

"మూత వాషరు పోయిందని చెప్పానండి. మూడుసార్లు."

"అది వేరే సంగతి."

బయటికి వచ్చేసరికి ఒక మనిషి ట్యాంకు మూత దగ్గర బోర్లా పడుకుని కొత్త వాషరు బిగిస్తున్నాడు. నల్లగా మెరుస్తోంది. పట్టా, ఇటుకలు అప్పుడే ఎక్కడికో పోయాయి.

ఇంట్లో భార్య కుట్టు మిషను ముందు ఉంది. కారు సీట్లకు తొడుగులు కుడుతుంది. ఆమె తమ్ముడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మొక్కజొన్న రైతు. మొక్కజొన్న గింజల నుంచి స్పిరిట్ తీసే ఫ్యాక్టరీలో పనుండి వచ్చానన్నాడు. కాళ్లకు కొత్త బూట్లు.

కొలతాయన జరిగింది నాలుగు మాటల్లో చెప్పాడు. భార్య మిషను ఆపలేదు కానీ తొక్కడం నెమ్మదించింది.

"స్పిరిట్ కలిపిన పెట్రోలేగా బావా?" అన్నాడు బావమరిది.

"కలిపిందే. పంపు మీద రాసే ఉంది."

"అయితే అదే. స్పిరిట్‌కు నీళ్లంటే ప్రాణం. ఫ్యాక్టరీలో చెప్పారు నాకు. ఇన్ని నీళ్లు కనబడ్డాయంటే పెట్రోలును వదిలేసి పోయి నీళ్ల చంకెక్కి కూర్చుంటుంది. రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి."

"అలాంటిదాన్ని కలపడం దేనికి?" అంది భార్య.

"దేనికంటే మాబోటివాళ్లు బతకడానికక్కా. ఇదివరకు గింజ కొనేవాడు లేక గోనెల్లోనే మొలకలొచ్చేవి. నువ్వూ చూశావు. ఇప్పుడు లారీ పొలం గట్టుకే వస్తోంది. పొగ కూడా తగ్గుతుందంట. పరాయి దేశాల నూనె కోసం చెయ్యి చాచే పని తగ్గుతుందంట." బావ వైపు తిరిగి నవ్వాడు. "నీ బంకులో సగం నా పొలమే బావా."

"ఐదో వంతు" అన్నాడు కొలతాయన.

"సరే, ఐదో వంతే. కొలతల దగ్గర నీతో ఎవడు గెలుస్తాడు."

"మరి నీ బావి?" అంది భార్య. "నేనొచ్చినప్పుడు నీళ్లు టీ డికాషన్లా ఉన్నాయి. గేదె మూతి పెట్టి తీసేసింది."

బావమరిది బూటు మీది బురద గోటితో గీకాడు. "ఫ్యాక్టరీ కాలవ మళ్లిస్తామన్నారు. ఇప్పుడా సంగతెందుకు."

అతను వెళ్లాక ఆమె దారం కొరికి తొడుగు తిరగేసింది.

"సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?"

"ఏమోనే. పెడితే ముంచలేదని అవుతుంది."

"ముంచారుగా."

"అదే."

ఆమె ఇంకో తొడుగు అందుకుంది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు షెడ్డుకు పోయాడు. తెల్ల కారు అక్కడే ఉంది. వెనక భాగం ముడుచుకుపోయి ఉంది. బంపరు మీది మరక ఎవరూ కడగలేదు. మెకానిక్కు దాని ట్యాంకులోంచి పట్టిన పెట్రోలు గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టాడు. బంకులో జాడీలాగే ఇందులోనూ రెండు పొరలు.

"చూడన్నా. అడుగుది ఇంజనుకు పోయింది. కారు మందు కొట్టింది, కాలు వాడిది పోయింది."

"పోయిందా?"

"నీకు తెలియదా? మోకాలి కింద తీసేశారు నిన్న సాయంత్రం."

కొలతాయన కారు మీద చెయ్యి వేశాడు. తర్వాత జేబులోంచి ట్యూబు తీశాడు. సన్నటి ఇనుప చువ్వ అడిగి తీసుకున్నాడు. పేస్టు రాసి సీసా అడుగు దాకా ముంచాడు. ముప్పై లెక్కపెట్టాడు. అరవై లెక్కపెట్టాడు. తీశాడు. పసుపే. చువ్వ తుడిచి మళ్లీ రాసి, చేతులు కడుక్కునే బకెట్లో ముంచాడు. క్షణంలో నెత్తురులా ఎర్రబడింది.

"పేస్టు మంచిదే" అన్నాడు.

"మంచిదే. దానికి నీళ్లే తెలుసు. ఇవి నీళ్లు కావు, స్పిరిట్ తాగిన నీళ్లు. దానికి కనబడవు." మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఈ పెట్రోలుకు వేరే పేస్టు ఉందన్నా. పెద్ద రోడ్డు బంకులో వాడుతున్నారు. ట్యూబు తెల్లగా ఉంటుంది. మీకివ్వలేదా?"

"ఇవ్వలేదు."

"ఇవ్వరు. వాషరు ఇవ్వనివాళ్లు పేస్టు ఇస్తారా?" అని, బల్ల మీది రబ్బరు పైపు తీసి చూపించాడు. ఉబ్బి మెత్తబడి ఉంది, నానిన వేలులాగా. "పాత బళ్లన్నిటికీ ఇదే గతి. అబద్ధం చెప్పకూడదు, ఇంజను లోపల మసి తగ్గింది. కొత్త కార్లకు కొత్త రబ్బరు వేసి పంపుతున్నారు, వాటికేం కాదు. పాతవాటి సంగతే ఎవడికీ పట్టలేదు."

కొలతాయన వినడం లేదు. ట్యూబు వైపు చూస్తున్నాడు. ఇవ్వలేదు. రంగెందుకు మారలేదు అని అడిగాడు ఓనరు. ఇదిగో, ఇందుకు. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్నదేదో ఒక్కసారి లేచిపోయినట్టయింది. అక్కడ నుంచి నేరుగా ఆసుపత్రికి నడిచాడు.

వార్డులో చివరి మంచం. దుప్పటి ఒక పక్క కాలి ఆకారంలో లేచి ఉంది. రెండో పక్క సగానికి వచ్చి బల్లపరుపుగా పడి ఉంది. మంచం పక్కన డ్రైవరు అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేవలేదు.

"ఇతనేనా?" అంది.

"ఇతనే. బాబాయ్, రా. అక్కా, కొంచెం జరుగు."

కొలతాయన నిలబడే ఉన్నాడు. తెచ్చిన రొట్టె పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నువ్వు ముంచలేదంట కదా బాబాయ్" అన్నాడు డ్రైవరు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నీ ఓనరు మనిషిని పంపించాడు. ముంచలేదని నువ్వే ఒప్పుకున్నావని చెప్పించాడు. నేను ఒప్పుకోలేదు. నా కళ్లతో చూశానన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎవడి ముందైనా చెబుతా. కాలు పోయింది కానీ నోరుంది."

"పేస్టు మార్చాలట" అన్నాడు కొలతాయన. మాటలు తడబడ్డాయి. "స్పిరిట్‌కు వేరే పేస్టు ఉందట. వాళ్లు నాకు ఇవ్వలేదు. పాతదానితోనే ముంచమన్నట్టేగా."

"చూశావా అక్కా? నేను చెప్పలా?" డ్రైవరు చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "వదలొద్దు బాబాయ్ వాళ్లని. నువ్వు ఊరుకుంటే నేనూరుకోను."

అక్క లేచి స్టూలు ఆయన వైపు జరిపింది. రొట్టె పొట్లం అందుకుంది.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. కొలతాయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బంకుకు పోయాడు. అద్దాల గదిలో ఓనరు, మేనేజరు ఉన్నారు. కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇరవై రెండేళ్లలో ఓనరు ముందు అన్ని మాటలు ఆయన మాట్లాడలేదు. సీసా సంగతి చెప్పాడు. బకెట్లో ఎర్రబడడం చెప్పాడు. పెట్రోలు మారినప్పుడు పేస్టు మారాలని తెలిసీ నాకెందుకివ్వలేదు అని అడిగాడు. ఒక మనిషి కాలు పోయింది, అది నా చేత పోగొట్టించారు అన్నాడు.

ఓనరు మేనేజరు వైపు చూశాడు.

"వచ్చిందండి" అన్నాడు మేనేజరు మెల్లగా. "ఎండాకాలంలో. డబ్బా మీకే ఇచ్చానండి."

"నాకా?"

"మీకే. ఇకమీదట ఇది వాడమన్నారు, చూడండి అన్నాను. గుర్తులేదా అండి?"

వెనక గదికి ముగ్గురూ నడిచారు. బీరువా తాళం చెవి కొలతాయన మొలతాడుకే ఉంటుంది. ఇంకెవరి దగ్గరా లేదు. తీశాడు. కింద అరలో గుడ్డలు, గరాటు. నడుమ అరలో ఆయన పాత ట్యూబులు. రెండు అయిపోయినవి, చుట్ట చుట్టి పెట్టినవి. ఒకటి ఇంకా విప్పనిది. జేబులో ఉన్నది నాలుగోది, తోక దాకా మడిచి మడిచి పిండుకుంటున్నది. ఆయన చేతిలో ఏ ట్యూబూ చుక్క మిగలకుండా పోవాల్సిందే. ఆ పొదుపును ఇదివరకు ఓనరే నలుగురి ముందు మెచ్చుకున్నాడు.

పై అర అందలేదు. స్టూలు ఎక్కాడు. పాత ఫిల్టర్ల వెనక ఒక అట్ట డబ్బా ఉంది. అంటించిన టేపు అంటించినట్టే ఉంది. దాని మీద, ట్యాంకులకు అంకెలు వేసే నల్లరంగు పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

పాతది అయ్యాక.

ఆయన రాతే. అప్పుడు వచ్చింది గుర్తుకు. వేసవి మధ్యాహ్నం. డబ్బాలో ఉన్న కాగితం తనకు రాని భాషలో ఉండింది. పేస్టు పేస్టేగా అనుకున్నాడు. ఉన్నవి నాలుగు ట్యూబులు, పారేస్తామా అనుకున్నాడు. రాసి, పైన పెట్టాడు.

మేనేజరు దిగమని చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

ఓనరు అరవలేదు. డబ్బా తిప్పి చూసి మేనేజరు చేతికిచ్చాడు. "పోనీలే" అన్నాడు. "ముంచలేదని రాసినా అంతే, పాతదానితో ముంచానని రాసినా అంతే. ఏదో ఒకటి రాసెయ్యి. పని అయిపోతుంది."

కొలతాయన రిజిస్టరు ముందు కూర్చున్నాడు. తెల్లకాగితం తీసుకున్నాడు. చాలాసేపు రాశాడు. ఓనరు రెండుసార్లు గడియారం చూశాడు. రాసింది తీసుకుని చదివి, చివరి వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఈ వాషరు సంగతి కొట్టెయ్యి. మిగతాది బాగుంది."

"కొట్టెయ్యను."

"అయితే నీ కాగితం నాకొద్దు."

"మీకోసం రాయలేదు."

కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తాళం చెవి మొలతాడు నుంచి విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి బిగుసుకుపోయి ఉంది. చెవి బల్ల మీద పెట్టాడు. కడ్డీ మూడు ముక్కలూ విప్పి, తుడిచి, దాని చోట దాన్ని పెట్టాడు. మేనేజరు దగ్గరున్న డబ్బా తెరిచి ఒక తెల్ల ట్యూబు తీసుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

ఆసుపత్రిలో డ్రైవరును దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది.

"అక్కా, స్టూలు వెయ్యి బాబాయ్‌కి. ఏమన్నారు? ఏమన్నా నోరెత్తాడా ఓనరు?"

కొలతాయన జేబులోంచి తెల్ల ట్యూబు తీసి దుప్పటి మీద, బల్లపరుపుగా ఉన్న వైపు పెట్టాడు. కాగితం చేతికిచ్చాడు. డ్రైవరు బయటికే చదవడం మొదలుపెట్టాడు.

"ఆ ఉదయం నేను రెండుసార్లు ముంచాను. పాత పేస్టుతో ముంచాను. కొత్త పేస్టు నాకు ఎండాకాలంలోనే ఇచ్చారు. పాతది అయ్యాక వాడదామని నేనే బీరువాలో పెట్టాను. అందుకు నాదే తప్పు…"

అక్కడ పైకి చదవడం ఆపేశాడు. మిగతా వాక్యం, మూత వాషరు గురించి మూడుసార్లు చెప్పినా మార్చలేదన్నది, లోపలే చదువుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. అక్క స్టూలు తెచ్చి, ఎవరూ కూర్చోకపోతే అలాగే పట్టుకుని నిలబడింది.

డ్రైవరు కాగితం నాలుగు మడతలు వేసి దిండు కింద పెట్టుకున్నాడు. కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆ పొద్దున ఇంకో బంకుకు పోదామనుకున్నానండి. వాన పడింది కదా, మూత మీద పట్టా చూశాను. మీరు రెండోసారి ముంచుతుంటే చూసి, ఇంక ఫర్వాలేదని ట్యాంకు నిండా పోయించుకున్నాను."

కొలతాయన తల ఊపాడు.

"ఆ ట్యూబు తీసుకెళ్లండి" అన్నాడు డ్రైవరు.